మూడు ఘాట్లు, మూడు రోజులు

చోడవరం నుంచి కొండల్లోకి మూడు దారులున్నాయి. పడమటగా బి.ఎన్. రోడ్డు పట్టుకుని నర్సీపట్నం చేరితే లంబసింగి ఘాట్. మాడుగుల మీదుగా వెళ్తే పాడేరు ఘాట్. ఉత్తరాన శృంగవరపుకోట దాటితే అనంతగిరి ఘాట్, ఆపైన అరకు. ఏ దారిన ఎక్కినా పైన చింతపల్లి, పాడేరు, అరకులను 516ఇ జాతీయ రహదారి ఒక వరసలో కలుపుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. మంచుకాలం రాగానే ఇళ్లలో మొదలయ్యే వాదన మాత్రం మారలేదు. ఇంటిల్లిపాదికీ కుదిరేవి మూడు రోజులు. వాటిని గంటల లెక్కన ముందే రాసుకోవాలా, కొండ ఎక్కాక అక్కడి తీరును బట్టి నడుచుకోవాలా?

అక్క: మూడు రోజుల్లో చేతికొచ్చే వెలుగు ఎంతో ముందు చూడాలి. డిసెంబరులో పొద్దున చాలాసేపటి దాకా మంచు విడదు. సాయంత్రం ఐదున్నర దాటితే లోయల్లో చీకటి. మధ్యలో ఘాట్ మలుపుల్లో పోయే గంటలు తీసేస్తే రోజుకు మిగిలేది ఏడెనిమిది గంటలే. అందుకే కాగితం మీద గీత గీసుకోవాలి. మొదటి రోజు నర్సీపట్నం దారిలో లంబసింగి ఎక్కి, తాజంగి రిజర్వాయరు, జి.మాడుగుల దగ్గర కొత్తపల్లి జలపాతం చూసుకుని రాత్రికి పాడేరు. రెండో రోజు తెల్లవారకముందే వంజంగి కొండ, తరవాత డుంబ్రిగుడ దగ్గర చాపరాయి, రాత్రికి అరకు. మూడో రోజు పద్మాపురం తోటలు, బొర్రా గుహలు, సాయంత్రానికి శృంగవరపుకోట. ఎక్కిన ఘాట్ మళ్లీ దిగక్కర్లేదు. చూసిన దారే మళ్లీ చూడక్కర్లేదు. ఈ సౌకర్యం విశాఖ వాళ్లకంటే చోడవరం వాళ్లకే ఎక్కువ. దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

తమ్ముడు: దారి అందంగానే గీశావు అక్కా. కానీ అందులో ఒక్కచోటైనా రెండు గంటలు కూర్చునే వీలు లేదు. వంజంగినే తీసుకో. అక్కడ చూడాల్సింది లోయ నిండా పరుచుకునే మేఘాలు. రాత్రి చలి, గాలిలో తేమ, ఈదురుగాలి లేకపోవడం అన్నీ కుదిరితేనే అవి నిలుస్తాయి. ఒక తెల్లవారుజాము కుదరకపోతే మర్నాడు మళ్లీ ఎక్కాలి. నీ కాగితంలో మర్నాడు మీరు అరకులో ఉంటారు. అంటే ఆ కొండకు ఒకే ఒక్క అవకాశం ఇచ్చి, మేఘాలు రాకపోతే వంజంగి బాగాలేదని చెప్పుకుంటూ దిగిపోతారు.

ఇంకో సంగతి. జాబితా పెద్దదైతే ఆలస్యమంతా సాయంత్రం మీద పడుతుంది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి దిగుతున్న హైదరాబాద్ యాత్రికుల బస్సు అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం ఏదైనా కానీ, చివరి చోటు కూడా చూసేద్దామని ఆగి, పరిచయం లేని ఘాట్‌ను చీకట్లో దిగడం మాత్రం మన చేతుల్లో ఉన్న తప్పే.

అక్క: ఆ మాట నీ వైపు కాదు, నా వైపే సాక్ష్యం చెబుతుంది. 2023 ఆగస్టులో చోడవరం నుంచి పాడేరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఘాట్‌లో వ్యూ పాయింట్ దగ్గర లోయలో పడి ఇద్దరు చనిపోయారు. అది పగలే జరిగింది. రోజూ తిరిగే దారే. ఇలాంటి చోట ఎన్ని గంటలకు ఎక్కుతాం, ఎన్నింటికి దిగుతాం, వర్షముంటే ఏం చేస్తాం అని ముందే అనుకోవడం పిరికితనం కాదు. వెలుగు ఉండగా గది చేరాలన్న నియమం కాగితం మీద లేకపోతే ఎవరూ పాటించరు.

గది సంగతి కూడా విను. నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాల్లో అరకులో, పాడేరులో గది దొరకడం కష్టం. పర్యాటక సంస్థ హరిత హోటళ్లు ముందే నిండిపోతాయి. నలుగురు మగపిల్లలైతే బైకుల మీద వచ్చి ఏ టీ కొట్టు ముందో తెల్లవార్లూ మంట వేసుకుని కూర్చుంటారు. ఆడవాళ్లు, చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అలా కూర్చోలేరు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియకుండా ఇంట్లో ఆడది బయలుదేరదు. అనుకోకుండా వెళ్లడంలో అందముందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా?

తమ్ముడు: అది నిజం. దానికి బదులు లేదు. రాత్రి బస ముందే తేల్చుకోవాలన్నది ఒప్పుకుంటాను.

అక్క: ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఊళ్లో ఎవరో గిరిజనుల ఇంట్లో ఉంటామని నువ్వంటావు. చెప్పాపెట్టకుండా ఎనిమిది మంది దిగితే ఆ ఇల్లాలు అన్నం ఎక్కడి నుంచి తెస్తుంది? కోడి కావాలన్నా, బొంగులో చికెన్ కాల్చాలన్నా వెదురు నరకాలి, మసాలా నూరాలి, నిప్పు రాజెయ్యాలి. రెండు రోజుల ముందు కబురు పెడితే సరుకు తెచ్చుకుంటుంది, పనిలోకి ఒక మనిషిని పెట్టుకుంటుంది. ముందు చెప్పడం మన సుఖం కోసమే కాదు, వాళ్లకు మర్యాద కూడా.

తమ్ముడు: ఆ మర్యాద రాత్రికి సరిపోతుంది, పగటికి కాదు. అందుకే అంటున్నాను, రెండు రాత్రులూ ఒకే చోట ఉందాం. చోడవరంలో ఆర్టీసీ బస్సెక్కితే మాడుగుల మీదుగా పాడేరు సుమారు 60 కిలోమీటర్లు. మాడుగులలో హల్వా పొట్లం కట్టించుకుని ఘాట్ ఎక్కితే దారంతా కాఫీ తోటలే. మినుములూరు దగ్గర దిగి కాసేపు నడిస్తే నీ జాబితాలోని చోట్లలో ఎక్కడా లేనిది కనిపిస్తుంది. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియం తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రబడ్డ పండ్లు ఏరుతారు. ఒక కొమ్మ మీదే పచ్చివీ ఎర్రవీ కలిసి ఉంటాయి కాబట్టి మనిషి చేత్తో చూసి కోయాల్సిందే. అదే చెట్టుకు మళ్లీ మళ్లీ రావాలి.

అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఆ కప్పు వెనక ఉన్న చేతులు చూడాలంటే తోటలో ఒక పూట నిలబడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ నీడ చెట్లు విరిగి కాఫీ మీద పడ్డాయి. నీడ పోతే కాఫీ ఎండకు తట్టుకోలేదు. మళ్లీ చెట్టు పెరగాలంటే ఏళ్లు పడుతుంది. ఈ మాటలు తోటలో పనిచేసేవాళ్లు చెబుతారు. కానీ కారు ఆపి పది నిమిషాల్లో ఫొటో దిగేవాళ్లకు చెప్పరు.

అక్క: నువ్విప్పుడు చెప్పినదంతా కూడా ప్రణాళికే. నవంబరు, జనవరి అన్నావు. ఏప్రిల్‌లో వెళ్తే ఆ పండు ఉండదు. వలిసె పూల పసుపు చూడాలన్నా చలికాలమే. చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చే బండ్లను ఆపి పండగ చందా అడుగుతారు. తెలిసి వెళ్తే అది ఆనందం, తెలియక వెళ్తే గొడవ. మేలో పాడేరులో మోదకొండమ్మ జాతరకు జనం పోటెత్తుతారు. అప్పుడు నీ ఒక్క ఊరి మకాం సాగదు. కొండకు ఒక క్యాలెండరు ఉంది. దాన్ని తెలుసుకోకుండా వెళ్లడాన్ని స్వేచ్ఛ అనలేం.

పైగా మొదటిసారి వచ్చే పిల్లల మాటేమిటి? మూడు రోజులూ పాడేరులోనే ఉంటే బొర్రా చూడరు. గోస్తనీ నీరు సున్నపురాయిని కరిగించి అంత పెద్ద గుహను తొలిచిందని పుస్తకంలో చదవడం వేరు, లోపల పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలను చూడడం వేరు. ఆ బొర్రా పరిసరాల్లోని గనుల లీజుల మీదే సమత కేసు నడిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరుల గనులకు లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతా చదివే తీర్పు పుట్టిన చోటు చోడవరానికి ఇంత దగ్గరలో ఉంటే, పిల్లల్ని తీసుకెళ్లకుండా ఎలా?

తమ్ముడు: బొర్రాకు పోటీ లేదు. కానీ అక్కడికి కారులో ఎందుకు? రైలుంది కదా. పొద్దున 7 లోపే విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలును కొత్తవలసలోనో శృంగవరపుకోటలోనో పట్టుకోవచ్చు. అక్కడి నుంచి శివలింగపురం, టైడా, చిమిడిపల్లి దాటి బొర్రా గుహలు. కిరండూల్ దాకా ఆ దారిలో సొరంగాలే 58. అరకుకు ముందొచ్చే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఇంజను ఆ ఎత్తును నెమ్మదిగా ఎక్కుతుంటే కొండ ఎలా మారుతుందో కిటికీలోంచే తెలుస్తుంది.

ఆ దారి మన కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కర్మాగారాలకు కావాలని 1960లో ఒప్పందం కుదిరితే, ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి ఆ దశాబ్దంలోనే కొండలు తొలిచారు. 1976లో రేవుకు ఔటర్ హార్బర్ వచ్చిందీ ఆ ఖనిజపు ఓడలు పెద్దవి కాబట్టే. గూడ్స్ బండ్లదే హడావిడి అయిన దారిలో ప్రయాణికుల బండి ఏదో ఒక చిన్న స్టేషన్లో ఆగి వాటికి దారి ఇస్తుంది. ఎంతసేపన్నది ఎవరి కాగితంలోనూ ఉండదు. వర్షాకాలంలో చరియలు విరిగిపడితే బండే ఆగిపోతుంది. అలాంటి రైలెక్కి గంటల లెక్క రాసుకుంటే ఆ లెక్క తప్పుతుంది, మనసు పాడవుతుంది.

అక్క: ఆ రైలుకు అద్దాల పెట్టె 2017 నుంచి ఉంది. అందులో సీటు కావాలంటే ముందే టిక్కెట్టు తీసుకోవాలి. రైలు కూడా కాగితం అడుగుతోంది, చూశావా?

జపాన్ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అక్కడి కొండలే చూద్దాం. నగానో వైపు కమికోచి అనే లోయ ఉంది. 1975లోనే అక్కడికి సొంత కార్ల మీద ఆంక్షలు మొదలయ్యాయి. 1996 నుంచి సంవత్సరమంతా నిషేధం. కారు కింద వదిలి బస్సులో వెళ్లాలి. నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా దారే మూసేస్తారు. అందుకని ఆ లోయ గొప్పతనమేమైనా తగ్గిందా? కిసో లోయలో మగోమె నుంచి త్సుమగోకు పాతకాలపు కొండదారిలో సుమారు 8 కిలోమీటర్లు నడుస్తారు. పెట్టెలను ముందే తరవాతి ఊరికి పంపించే ఏర్పాటు ఉంది, చేతులూపుకుంటూ నడవచ్చు. సామాను ఏ పూటకు ఎక్కడికి చేరాలో ముందే తేల్చుకున్నారు కాబట్టే ఆ మనిషి దారిలో ఎంతసేపైనా ఆగగలడు. నిదానం కావాలంటే దాని వెనక గట్టి ఏర్పాటు ఉండాలి.

తమ్ముడు: ఆ చివరి మాట గట్టిది. రాత్రి ఎక్కడో తేలితే పగలు వదిలేయవచ్చన్నది నిజమే.

ఇక్కడికి ఇద్దరి మధ్యా కొంత నేల కలిసింది. గది ముందే మాట్లాడుకోవాలి. ఘాట్ ఎక్కడం, దిగడం వెలుగులోనే జరగాలి. కొండ క్యాలెండరు తెలుసుకుని తేదీ పెట్టుకోవాలి. ఈ మూడింటి మీద తమ్ముడికి అభ్యంతరం లేదు. ఒక రోజుకు రెండు చోట్లు మించకూడదంటే అక్క కూడా తల ఊపుతుంది. మిగిలిన తేడా అంతకంటే పెద్దది. మూడు రోజులు ఎవరి లెక్కలో నడవాలన్న ప్రశ్న, ఆ కొండ మీద ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న వైపు తిరిగింది.

తమ్ముడు: త్సుమగో నుంచి నువ్వు సామాను ఏర్పాటు తీసుకున్నావు, నేను ఇంకొకటి తీసుకుంటాను. 1971లో ఆ ఊరివాళ్లు తమ ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని తామే నియమం రాసుకున్నారు. బయటి ప్రయాణికుడికి సదుపాయంగా ఉండాలని రాసింది కాదు, ఊరు తమ చేతిలోంచి జారిపోకూడదని రాసింది. మన కొండల్లో 1970 నాటి 1/70 నిబంధన గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతోంది. అయినా మన ప్రయాణ కాగితాల్లో వ్యూ పాయింట్లు, జలపాతాలు ఉంటాయి గానీ ఊళ్లు ఉండవు. సంత ఏ రోజో రాసుకోం. లంబసింగిలో చలి సున్నాకు ఎంత దగ్గరగా దిగిందో చెప్పుకుంటాం. నర్సీపట్నం నుంచి అక్కడికి వేసిన ఆ ఘాట్ కోసం బ్రిటిషు కాలంలో గూడెం అధికారి బాస్టియన్ గిరిజనులతో కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడు. ఆ కోపం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడికి వెనక నిలిచింది. ఈ సంగతి మలుపులు లెక్కపెట్టే మనకు గుర్తే రాదు. చోట్లు తగ్గించి, ఉన్నచోట ఎక్కువ సేపు ఉంటేనే ఇలాంటివి వినే తీరిక దొరుకుతుంది. ఖర్చుపెట్టే డబ్బు కూడా ఆ ఊరి టీ కొట్టులోనే మిగులుతుంది.

అక్క: ఊరి చేతిలో మాట ఉండాలంటే ఎంతమంది వస్తారో ఊరికి తెలియాలి. వంజంగి దారిలో మంచుకాలపు ఆదివారం వాహనాల బారు చూడు. ప్లాస్టిక్ సీసాలు, కాల్చి వదిలేసిన కట్టెలు, కేకలు. అక్కడ కూడా కమికోచి పద్ధతి పెట్టాలి. సొంత బండ్లు పాడేరులోనే ఆపాలి, పైకి స్థానికుల జీపులే నడవాలి, రోజుకు ఇంతమంది అని ముందే నమోదు చేయాలి. జీపు డబ్బు ఊరికే చేరుతుంది, కొండ కూడా మిగులుతుంది. అనుకున్నప్పుడు లేచి వచ్చేవాళ్లు ఈ పద్ధతికి ఎదురు తిరుగుతారు. కొండను పాడుచేస్తున్నదీ ఎక్కువగా వాళ్లే.

తమ్ముడు: నమోదు పెడితే ముందు ఎవరు నిండుతారు? నెల ముందే సెలవు తేల్చుకునేవాళ్లు, హైదరాబాదులోనో బెంగళూరులోనో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతుకు క్రషింగు రోజుల్లో ఎప్పుడు తీరిక దొరుకుతుందో అతనికే తెలియదు. ఒక సాయంత్రం పని అయిపోతే, రేపు తెల్లవారేసరికి కొండ మీద ఉందాం అనుకోగలిగే హక్కు కొండ కింది వాళ్లకు తరతరాలుగా ఉంది. దూరం వాళ్లకు ప్రణాళిక తప్పదు. దగ్గరి వాళ్లకు అది తప్పనిసరి చేస్తే దగ్గరితనమే పోతుంది.

అక్క: ఇది నేను అనుకోలేదు. నిజమే, నమోదు అనేది దూరం నుంచి వచ్చేవాళ్లకే అనుకూలం. సగం చోటు చుట్టుపక్కల మండలాల వాళ్లకు విడిగా ఉంచవచ్చు. కానీ అప్పుడు సంఖ్య తగ్గదు. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం, అనకాపల్లి అన్నీ దగ్గరే అంటాయి. ఆ నాలుగూళ్ల కుర్రాళ్లు చాలరా ఆ కొండ నిండడానికి? హద్దు పెట్టకుండా కొండను కాపాడే దారి నువ్వు చెప్పు.

తమ్ముడు: నేను చెప్పకూడదు, నువ్వూ చెప్పకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిస్తూ 1996లోనే పెసా చట్టం వచ్చింది. వంజంగి గ్రామసభ కూర్చుని రోజుకు ఎన్ని బండ్లు, ఎంత రుసుము, ఏ నెలల్లో అన్నది తేల్చాలి.

అక్క: వాళ్లకు చేతినిండా రాబడి వచ్చేది ఆ రెండు మూడు నెలలే. బండ్లు ఇంకా ఎక్కువ రావాలి, దారి వెడల్పు చేయాలి, కొండ మీదే బజారు పెడతామని గ్రామసభ అంటే అప్పుడేం చేస్తావు?

తమ్ముడు: ఒప్పుకోవాలి. ఆ మాట చెప్పే హక్కు వాళ్లకుంది. కానీ ఆ బారులో నిలబడడానికి మాత్రం నేను వెళ్లను. పాడేరు దాకా వెళ్లి ఏ తోటలోనో ఉండిపోతాను.

అక్క: పిల్లలు వారం నుంచి మేఘాల గురించే మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు ఏం చెప్పను?

తమ్ముడు: వద్దని మాత్రం నేను చెప్పలేను అక్కా. రెండో తెల్లవారుజాము వాళ్లను నువ్వు తీసుకెళ్లు. మేఘాలు నిలవకపోతే మూడో రోజు కూడా అక్కడే ఉండేలా, అరకు గదికి డబ్బు కట్టేముందు ఒక్కసారి ఆలోచించు.

అక్క: గది మార్చితే బొర్రా పోతుంది. అది కూడా ఆలోచించే చెబుతాను.